||, ??, ?: లలో ఏది ఎక్కడ వాడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: జావాస్క్రిప్ట్‌లో డిఫాల్ట్ విలువ ఇవ్వాల్సిన ప్రతిచోటా || పెట్టుకుంటూ వచ్చారు. రివ్యూలో ఒకరు దాన్ని ??గా మార్చమన్నారు. ఇంకొకరు టెర్నరీ (కండిషన్ ? ఇది : అది అనే రూపం) రాస్తే చదవడానికి బాగుంటుందన్నారు. పక్క ప్రాజెక్టులోని పీహెచ్‌పీ కోడ్‌లో ?: అనే ఇంకో గుర్తు కనిపించింది. అన్నీ ఒకే పని చేస్తున్నట్టున్నాయి కదా, వీటిలో ఏది మంచిది, ఏది వేగంగా నడుస్తుంది?

వేగం సంగతి ముందే తేల్చేద్దాం: పట్టించుకోకండి. వీటి మధ్య తేడా ఉన్నా, మామూలు ప్రోగ్రాంలో అది కొలిచినా దొరకనంత చిన్నది. ఆ లెక్కతో ఆపరేటర్‌ను ఎంచుకున్నవాళ్లకు ఒరిగిందేమీ లేదు.

ఇక అసలు విషయం. ఇవి ఒకే పని చేయవు. || అడిగేది "ఎడమ పక్కనున్నది నిజం కింద లెక్కకు వస్తుందా?" అని. ?? అడిగేది "ఎడమ పక్కన అసలు విలువంటూ ఉందా?" అని. టెర్నరీకి తనదంటూ ప్రశ్న లేదు, మీరు ఏ కండిషన్ రాస్తే అదే దాని ప్రశ్న. కాబట్టి ఆ లైన్ రాసేముందు ఒక్కటి తేల్చుకోవాలి: ఈ చోట ఏయే విలువలు వస్తే "లేదు" అని లెక్క వేసుకోవాలి? సున్నా వస్తే? ఖాళీ స్ట్రింగ్ వస్తే? ఫాల్స్ వస్తే? దానికి మీ దగ్గర జవాబుంటే ఏ ఆపరేటర్ అన్నది దానంతటదే తేలిపోతుంది. జవాబు లేకుండా ఏది పెట్టినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

(కింది కోడ్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టాను. జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ రెండూ వాటిని ఒప్పుకుంటాయి. ట్రూ, ఫాల్స్, నల్ లాంటి కీవర్డ్‌లను మాత్రం మీరు టైప్ చేసేటప్పుడు ఎప్పటిలాగే రాసుకోండి.)

ఈ లైన్ చూడండి:

శబ్దం = సెట్టింగ్స్.శబ్దం || 50

వీడియో ప్లేయర్‌లో వాల్యూమ్ అనుకుందాం. యూజర్ ఇంకా ఏమీ సెట్ చేయకపోతే 50 రావాలి, వస్తుంది. యూజర్ 30 పెట్టుకుంటే 30 వస్తుంది. టెస్ట్ చేసేవాళ్లు సాధారణంగా ఇంతవరకే చూస్తారు, అంతా బాగానే ఉందంటారు. ఒకాయన మాత్రం స్లైడర్‌ను చివరిదాకా జరిపి పూర్తిగా మ్యూట్ చేసుకున్నాడు. స్టోరేజ్‌లో 0 సరిగ్గానే సేవ్ అయింది. పేజీ మళ్లీ తెరిచాడు. ఎడమ పక్క 0 ఉంది, || లెక్కలో 0 అంటే అసత్యం, కాబట్టి కుడి పక్కకు వెళ్లి 50 తెచ్చుకుంది. వీడియో ఒక్కసారిగా మోగింది. స్టోరేజ్ చూస్తే సరిగ్గానే ఉంటుంది, స్లైడర్ కోడ్ చూస్తే సరిగ్గానే ఉంటుంది. తప్పంతా మధ్యలోని ఆ రెండు గీతల్లో ఉంది. ?? పెట్టి ఉంటే 0 అలాగే నిలిచేది, ఎందుకంటే అది నల్ (విలువ లేదని కావాలనే పెట్టేది), అన్‌డిఫైన్డ్ (అసలేమీ పెట్టనిది) ఈ రెండింటిని మాత్రమే "లేదు" అంటుంది.

దీనికన్నా దారుణమైనది ఇది:

నోటిఫికేషన్లు = సెట్టింగ్స్.నోటిఫికేషన్లు || ట్రూ

ఈ లైన్ నుంచి ఫాల్స్ బయటికి రావడం ఎన్నటికీ జరగదు. యూజర్ ఎన్నిసార్లు ఆఫ్ చేసినా ఆన్ అవుతూనే ఉంటుంది. బూలియన్‌కు (ట్రూ, ఫాల్స్ మాత్రమే పట్టే విలువకు) డిఫాల్ట్‌గా ట్రూ ఇవ్వాల్సి వచ్చి, అక్కడ || కనిపించిందంటే ఇంకేమీ చదవక్కర్లేదు, అది బగ్గే.

జావాస్క్రిప్ట్‌లో అసత్యం కింద లెక్కకు వచ్చేవి ఇవి: ఫాల్స్, 0 (మైనస్ 0, బిగ్‌ఇంట్ సున్నాతో సహా), ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్, నాన్ (అంటే "నంబర్ కాదు" అని చెప్పే ఆ ప్రత్యేక విలువ). ఖాళీ అర్రే, ఖాళీ ఆబ్జెక్ట్ రెండూ సత్యాలే. '0' అనే స్ట్రింగ్ కూడా సత్యమే, ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఫారంలోంచి వచ్చే విలువ స్ట్రింగ్ కాబట్టి '0' || 10 అంటే '0' వస్తుంది, పనిచేసినట్టే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఎవరో ఆ విలువను ముందే నంబర్‌గా మారుస్తారు. మీ లైన్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా అది ఆ రోజు నుంచి 10 ఇవ్వడం మొదలుపెడుతుంది.

?? జావాస్క్రిప్ట్‌లోకి వచ్చింది 2020 స్టాండర్డ్‌తోనే, ?. (ఎడమ పక్క ఏమీ లేకపోతే ఎర్రర్ ఇవ్వకుండా అన్‌డిఫైన్డ్ ఇచ్చేది) కూడా దాంతోపాటే వచ్చింది. టైప్‌స్క్రిప్ట్ 3.7లో అంతకు కాస్త ముందే, 2019 నవంబరులో ఈ రెండూ చేరాయి. అందుకే అంతకు ముందు రాసిన కోడ్‌లో || కనిపిస్తే రాసినవాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు ఉన్న పొట్టి దారి అదొక్కటే.

మరి || అంటే ఇక చెత్తబుట్టలో వేయాల్సిందేనా? కాదండీ. కొత్తగా ?? నేర్చుకున్న టీములు చేసే పొరపాటు ఇదే, ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి అన్నీ మార్చేస్తారు. ఇది చూడండి:

చూపించే_పేరు = ప్రొఫైల్.పేరు || 'అతిథి'

యూజర్ పేరు డబ్బాను ఖాళీగా వదిలేస్తే డేటాబేస్‌లో ఖాళీ స్ట్రింగ్ ఉంటుంది, నల్ కాదు. ఇక్కడ ?? పెడితే స్క్రీన్ మీద పేరు ఉండాల్సిన చోట ఏమీ కనిపించదు. ఖాళీ స్ట్రింగ్‌ను కూడా "లేదు" అనే అనుకోవాలి కాబట్టి ఇక్కడ || సరైనదే. అలాగే యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత వచ్చే పారామీటర్లు: పేరుంది, ఈక్వల్స్ గుర్తుంది, దాని తర్వాత ఏమీ లేదు అంటే చేతికి వచ్చేది ఖాళీ స్ట్రింగే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా అంతే, కాన్ఫిగ్ ఫైల్‌లో పేరు రాసి విలువ రాయడం మర్చిపోతే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. అక్కడ ?? ఏ రక్షణా ఇవ్వదు.

ఈ గొడవ జావాస్క్రిప్ట్‌తో మొదలైంది కాదు. యూనిక్స్ షెల్‌లో డిఫాల్ట్ ఇవ్వడానికి రెండు రూపాలు ఉన్నాయి. బ్రేస్‌ల మధ్య వేరియబుల్ పేరు తర్వాత :- పెడితే వేరియబుల్ లేకపోయినా ఖాళీగా ఉన్నా డిఫాల్ట్ వస్తుంది. కోలన్ లేకుండా ఉత్త - పెడితే వేరియబుల్ అసలు సెట్ కానప్పుడే వస్తుంది. ఒక్క కోలన్ తేడా. || కు, ?? కు ఉన్న తేడా దాదాపుగా ఇదే.

నాన్ సంగతి ఇంకా చికాకు. స్ట్రింగ్‌ను నంబర్‌గా మార్చబోయి విఫలమైతే నాన్ వస్తుంది. నాన్ ?? 5 అంటే నాన్ వస్తుంది, ఎందుకంటే ?? దృష్టిలో అది ఒక విలువే. నాన్ || 5 అంటే 5 వస్తుంది గానీ, ఆ || నిజమైన సున్నాను కూడా మింగేస్తుంది. ఇలాంటిచోట రెండూ పనికిరావు. విలువ నంబరేనా కాదా అని విడిగా చూసి టెర్నరీ రాయాలి. మీ రివ్యూలో టెర్నరీ అన్న మనిషి ఇలాంటి చోటు గురించి అంటే ఆయన మాట నిజమే. నల్ చూడ్డానికి మాత్రమే టెర్నరీ రాయమంటే అనవసరం, ?? అందుకే ఉంది.

ఇంకో జాగ్రత్త. ఫంక్షన్ పారామీటర్‌కు ఈక్వల్స్ పెట్టి ఇచ్చే డిఫాల్ట్, ఆబ్జెక్ట్‌ను విప్పేటప్పుడు ఇచ్చే డిఫాల్ట్, ఈ రెండూ అన్‌డిఫైన్డ్ వచ్చినప్పుడు మాత్రమే పనిచేస్తాయి. నల్ వస్తే పనిచేయవు. సర్వర్ నుంచి డేటా వచ్చే రూపమైన జేసన్‌లో అన్‌డిఫైన్డ్ అనేదే ఉండదు, "విలువ లేదు" అని చెప్పాలంటే నల్ పంపుతారు. కాబట్టి పారామీటర్‌లో డిఫాల్ట్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉంటే, ఆ నల్ నేరుగా లోపలికి వచ్చి కూర్చుంటుంది. సర్వర్ డేటా మీద ?? నే నమ్ముకోండి.

ఇప్పుడు భాషల మధ్య తేడాలు. ఎక్కువమంది బోల్తా కొట్టేది ఒక భాషలో వచ్చిన అలవాటును ఇంకో భాషకు మోసుకెళ్లడం వల్ల. రూబీలో, లూవాలో నిల్ (అక్కడి నల్), ఫాల్స్ తప్ప అన్నీ సత్యాలే, సున్నాతో సహా. అందుకే అక్కడ వాల్యూమ్ ఉదాహరణ రాసినా సున్నాకు ఏమీ కాదు, బూలియన్ ఉదాహరణ మాత్రం అక్కడా విరుగుతుంది. పైథాన్‌లో ఖాళీ లిస్ట్, ఖాళీ డిక్షనరీ కూడా అసత్యాలే. పీహెచ్‌పీలో ఖాళీ అర్రేతోపాటు '0' అనే స్ట్రింగ్ కూడా అసత్యం. జావాస్క్రిప్ట్‌లో సత్యమైనది అక్కడ అసత్యం అన్నమాట. పైథాన్‌లో ఒక పాత వింత ఉండేది: గడియారపు సమయాన్ని సూచించే టైమ్ ఆబ్జెక్ట్ యూటీసీ అర్ధరాత్రి అయితే అసత్యం కింద లెక్కయ్యేది. "సమయం ఇచ్చారా?" అని చూసే కోడ్ సరిగ్గా అర్ధరాత్రికి మాత్రం ఇవ్వలేదు అనేది. 3.5 వెర్షన్‌లో దాన్ని తీసేశారు.

పైథాన్‌లో లిస్ట్‌తో వచ్చే చిక్కును కాస్త దగ్గర నుంచి చూడాలి. ఒక ఫంక్షన్ లిస్ట్‌ను తీసుకుని అందులో ఫలితాలు చేరుస్తుంది. లిస్ట్ ఇవ్వకపోతే కొత్తది సృష్టించుకోవాలి. చాలామంది "ఇచ్చిన లిస్ట్ ఆర్ కొత్త ఖాళీ లిస్ట్" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. పిలిచినవాళ్లు కావాలనే ఖాళీ లిస్ట్ ఇచ్చి, దాన్ని నింపి పెడుతుందని ఎదురుచూస్తుంటారు. ఫంక్షన్ దాన్ని అసత్యం కింద కొట్టేసి, ఇంకో కొత్త లిస్ట్ తీసుకుని దాన్ని నింపుతుంది. పిలిచినవాళ్ల చేతిలోది ఖాళీగానే ఉండిపోతుంది, ఎర్రర్ ఏదీ రాదు. ముందే ఒక్క అంశం ఉన్న లిస్ట్ ఇస్తే మాత్రం చక్కగా పనిచేస్తుంది, కాబట్టి కారణం పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. పైథాన్‌లో ?? లాంటిది లేదు, పెప్ 505 అనే ప్రతిపాదన ఉంది గానీ దాన్ని పక్కన పెట్టారు. అంచేత "నన్ (పైథాన్‌లో నల్ లాంటిది) కాకపోతే ఇది, లేకపోతే అది" అని కండిషన్‌ను పూర్తిగా రాయడమే దారి. నాలుగు మాటలు ఎక్కువైనా అక్కడ పూర్తిగా రాయండి.

డిక్షనరీ మీద గెట్ పిలిచి రెండో ఆర్గ్యుమెంట్‌గా డిఫాల్ట్ ఇస్తే సరిపోతుందని ఇంకో నమ్మకం ఉంది. ఆ డిఫాల్ట్ వచ్చేది కీ లేనప్పుడే. కీ ఉండి దాని విలువ నన్ అయితే నన్నే వస్తుంది.

పీహెచ్‌పీలో మీకు కనిపించిన ?: ను షార్ట్ టెర్నరీ అంటారు, ఎల్విస్ ఆపరేటర్ అని కూడా అంటారు. 5.3 వెర్షన్ నుంచి ఉంది. ?? వచ్చింది 7.0లో, 2015లో. ఈ రెండింటి మధ్య రెండు తేడాలు. ఒకటి, ?: చూసేది సత్యాసత్యాలను, ?? చూసేది నల్‌ను. రెండోది, చాలామంది గమనించనిది: $పేరు అనే వేరియబుల్ ఎక్కడా సృష్టించి ఉండకపోతే

$పేరు ?: 'అతిథి'

అని రాసినప్పుడు 'అతిథి' వస్తుంది గానీ, అలాంటి వేరియబుల్ లేదన్న హెచ్చరిక కూడా వస్తుంది. అదే చోట ?? రాస్తే హెచ్చరిక రాదు. అర్రేలో లేని కీ విషయంలోనూ ఇంతే. అందుకే ఫారం నుంచి వచ్చిన డేటాను అందుకునే చోట పీహెచ్‌పీలో ?? వాడతారు. మీ పక్క ప్రాజెక్టులో ?: ఉన్నచోట్ల ఆ వేరియబుల్ కచ్చితంగా ముందే సెట్ అయి ఉందో లేదో చూడమనండి. '0' వస్తే ఏమవుతుందో కూడా చూడమనండి.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. ఇదే ?: గుర్తు గ్రూవీలోనూ ఉంది, కోట్లిన్‌లోనూ ఉంది. గ్రూవీలో అది సత్యాసత్యాలను చూస్తుంది, సున్నా, ఖాళీ స్ట్రింగ్, ఖాళీ లిస్ట్ అన్నీ అసత్యాలే. కోట్లిన్‌లో నల్‌ను మాత్రమే చూస్తుంది. ప్రోగ్రాంను కట్టే సాధనమైన గ్రేడిల్‌లో బిల్డ్ స్క్రిప్ట్‌లను గ్రూవీ నుంచి కోట్లిన్‌కు మార్చేవాళ్లు ఈ గుర్తును యథాతథంగా కాపీ చేస్తే, కంపైలర్ కిమ్మనకుండా ఒప్పుకోవచ్చు. అర్థం మాత్రం మారిపోతుంది. వెర్షన్ పేరు ఖాళీగా వచ్చినప్పుడు డిఫాల్ట్ తీసుకునే లైన్ ఆ తర్వాత ఖాళీ పేరుతోనే బిల్డ్ చేసి పెడుతుంది.

ఇక && సంగతి. "ఇది ఉంటే అది చేయి" అనడానికి దీన్ని వాడతారు, వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ రియాక్ట్‌లో మరీ ఎక్కువ. సందేశాల_సంఖ్య && అని రాసి, తర్వాత చూపించాల్సిన కాంపొనెంట్ పెడతారు. సంఖ్య 0 అయితే ఏమీ కనిపించకూడదు కదా. కనిపిస్తుంది, స్క్రీన్ మీద 0 అని! ఎందుకంటే && ఇచ్చేది ట్రూ, ఫాల్స్ కాదు, ఎడమ పక్క అసత్యమైతే ఆ ఎడమ విలువనే ఇస్తుంది. రియాక్ట్ ఫాల్స్‌ను, నల్‌ను వదిలేస్తుంది, సున్నాను మాత్రం నంబర్ కదా అని అచ్చు వేస్తుంది. సంఖ్య > 0 && అని రాయండి, చాలు.

ఆ && నే టెర్నరీకి బదులుగా వాడే పాత పద్ధతి ఒకటుంది: "కండిషన్ అండ్ ఇది ఆర్ అది". పైథాన్‌లో టెర్నరీ లేని కాలంలో అందరూ ఇలాగే నెట్టుకొచ్చారు. మధ్యలోని "ఇది" అసత్యమైతే (సున్నా అనుకోండి) కండిషన్ నిజమైనా "అది"కే వెళ్లిపోతుంది. ఈ తలనొప్పి వల్లే 2006లో 2.5 వెర్షన్‌తో పైథాన్‌కు సొంత కండిషనల్ ఎక్స్‌ప్రెషన్ వచ్చింది. లూవాలో మాత్రం ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది, అక్కడ మధ్య విలువ నిల్ గానీ ఫాల్స్ గానీ కాకుండా చూసుకుంటే చాలు.

మీ ప్రశ్నలో లేకపోయినా ప్రిసిడెన్స్ (ఏ ఆపరేటర్ ముందు పనిచేస్తుందన్నది) గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. మీరు రేపు || తీసి ?? పెట్టగానే తగిలేది ఇదే:

సందేశం = 'మొత్తం: ' + మొత్తం ?? 0

మొత్తం లేకపోతే "మొత్తం: 0" అని వస్తుందనుకుంటాం. వచ్చేది "మొత్తం: అన్‌డిఫైన్డ్". + ముందు పనిచేస్తుంది కాబట్టి, ఎడమ పక్క అంతా కలిసి ఒక స్ట్రింగ్ అయిపోతుంది. స్ట్రింగ్ నల్ అవడమన్నది లేదు గనుక ?? కు అక్కడ పనేమీ మిగలదు. బ్రాకెట్ పెట్టాలి:

సందేశం = 'మొత్తం: ' + (మొత్తం ?? 0)

కోడ్‌లో తప్పులు వెతికే సాధనం ఈఎస్‌లింట్‌లో నో-కాన్‌స్టంట్-బైనరీ-ఎక్స్‌ప్రెషన్ అనే రూల్ ఆన్ చేసుకుంటే ఇలాంటివి పట్టిస్తుంది. నా సలహా మటుకు, ?? పక్కన ఇంకే ఆపరేటర్ ఉన్నా అలవాటుగా బ్రాకెట్ వేసేయండి. ?? ను || తోనో && తోనో బ్రాకెట్లు లేకుండా కలిపితే జావాస్క్రిప్ట్ సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. చాలామంది దీన్ని విసుక్కుంటారు గానీ, ఆ భాషలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇదొకటని నా అభిప్రాయం.

టెర్నరీలో టెర్నరీ రాయడం గురించి పీహెచ్‌పీ చరిత్రే చాలు. $ఆ ? 1 : $ఇ ? 2 : 3 అని రాస్తే, $ఆ నిజమైతే 1 వస్తుందని ఎవరైనా అనుకుంటారు. పాత పీహెచ్‌పీ దాన్ని ఎడమ నుంచి కట్టేది: ($ఆ ? 1 : $ఇ) ? 2 : 3. ముందు 1 వచ్చింది, 1 సత్యం కాబట్టి చివరికి 2 ఇచ్చేది! సీ, జావాస్క్రిప్ట్ లాంటివి కుడి నుంచి కడతాయి కాబట్టి వాటిలో ఈ సమస్య లేదు. పీహెచ్‌పీ వాళ్లు 7.4లో దీనికి హెచ్చరిక పెట్టి, 8.0లో బ్రాకెట్లు లేకపోతే ఎర్రరే అనేశారు. కుడి నుంచి కట్టే భాషల్లో కూడా రెండు మెట్లు దాటితే నేను మ్యాచ్, స్విచ్ వైపో, చిన్న ఫంక్షన్‌లో వరుస ఇఫ్‌ల వైపో వెళ్తాను.

జావా వాడేవాళ్లకు టెర్నరీలో ఒక ప్రత్యేకమైన వల ఉంది:

ఇంటిజర్ ఫలితం = ఉందా ? 0 : పాతది

పాతది అన్నది కూడా ఇంటిజర్ ఆబ్జెక్టే, అందులో నల్ ఉంది, ఉందా ఫాల్స్. ఫలితంలోకి నల్ వస్తుందనుకుంటాం. నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. ఒక పక్క ఉత్త ఇంట్, ఇంకో పక్క ఇంటిజర్ ఉన్నప్పుడు జావా మొత్తం ఎక్స్‌ప్రెషన్‌ను ఇంట్ కింద లెక్కగడుతుంది, ఆ నల్‌ను విప్పబోయి పడిపోతుంది. అదే ఇఫ్ ఎల్స్‌గా రాస్తే ఈ సమస్య ఉండదు. పొట్టిగా రాసినదానికీ పొడుగ్గా రాసినదానికీ అర్థమే మారిపోయే అరుదైన చోటు ఇది.

కుడి పక్క ఎప్పుడు నడుస్తుందన్నది కూడా చూసుకోండి. ||, ??, టెర్నరీ, ఇవన్నీ అవసరమైతేనే కుడి పక్కను ముట్టుకుంటాయి. అక్కడ డేటాబేస్‌ను పిలిచే ఫంక్షన్ ఉంటే, ఎడమ పక్క విలువ ఉన్నప్పుడు ఆ పిలుపు జరగదు. ఆపరేటర్ లేని భాషల్లో దీనికి బదులుగా మెథడ్ వాడతాం, జావాలో ఆప్షనల్ మీద ఆర్‌ఎల్స్ లాగా. మెథడ్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్ ముందే లెక్కకడతారు కాబట్టి, విలువ ఉన్నా లేకపోయినా ఆ డేటాబేస్ పిలుపు జరిగి తీరుతుంది. ఆర్‌ఎల్స్‌గెట్ ఉన్నది ఇందుకే. వేగం గురించి అడిగారు కదా, నిజంగా తేడా వచ్చే చోటు ఇదీ.

దీనికి దగ్గరి చుట్టం ||=, అంటే ఎడమ పక్క అసత్యమైతేనే కుడి పక్కది అందులో పెట్టేది. లెక్క ఒకసారి చేసి దాచుకోవడానికి

దాచినవి[కీ] ||= లెక్కించు(కీ)

అని రాస్తారు. లెక్కించినప్పుడు 0 వచ్చిందనుకోండి, అది దాచినా ప్రతిసారీ "లేదు" అనుకుని మళ్లీ లెక్కిస్తుంది. ఫలితం సరైనదే వస్తుంది, సర్వర్ మాత్రం నెమ్మదిస్తుంది. ??= పెడితే తీరిపోతుంది. ఫలితం నల్ కూడా అయ్యే వీలుంటే అదీ చాలదు, కీ ఉందా లేదా అని విడిగా అడగాలి.

చివరిగా, నాకు ఈ మధ్య || కన్నా ఎక్కువ చిరాకు తెప్పిస్తున్నది ఇంకోటి:

పిన్ = ఆర్డర్?.కస్టమర్?.చిరునామా?.పిన్ ?? ''

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎక్కడా క్రాష్ కాదు. కస్టమర్ లేని ఆర్డర్ అనేది మీ సిస్టమ్‌లో ఉండొచ్చా? ఉండకూడదంటే, అలాంటిది వచ్చినప్పుడు ఇక్కడే గట్టిగా పడిపోవాలి. ఈ లైన్ దాన్ని ఖాళీ పిన్‌గా మార్చి ముందుకు నెట్టేస్తుంది. ఆ ఖాళీ పిన్ మూడు ఫైళ్లు దాటి, డెలివరీ లేబుల్ అచ్చయ్యే దగ్గర బయటపడుతుంది. అప్పుడు మీరు వెతికేది లేబుల్ కోడ్‌లో, తప్పేమో ఆర్డర్ తయారైన చోట. ?. ను నిజంగా లేకుండా ఉండే అవకాశం ఉన్న మెట్టు దగ్గర మాత్రమే పెట్టండి. చిరునామా ఐచ్ఛికమైతే దాని తర్వాత ఒక్కచోట చాలు. విలువ తప్పనిసరి అయితే డిఫాల్ట్ ఇవ్వడమే తప్పు, అక్కడ ఎర్రర్ విసరాలి. సీషార్ప్‌లో, కోట్లిన్‌లో, పీహెచ్‌పీ 8లో ఆపరేటర్ కుడి పక్కనే త్రో రాసేయొచ్చు. జావాస్క్రిప్ట్‌లో ఆ సదుపాయం లేదు, మామూలు ఇఫ్ రాయండి. ఇఫ్ రాయడం నామోషీ ఏమీ కాదు. గో భాషలో టెర్నరీయే లేదు, వాళ్లు బతికే ఉన్నారు.

మీ రివ్యూ విషయానికొస్తే, ఆ ఫైల్‌లోని || అన్నింటినీ మూడు కుప్పలుగా వేసుకోండి. ఎడమ పక్క ఎప్పుడూ ఆబ్జెక్టో అర్రేయో ఫంక్షనో వచ్చేవైతే మార్చినా మార్చకపోయినా ఫలితం ఒకటే, ?? పెడితే చదివేవాళ్లకు ఉద్దేశం తెలుస్తుంది, అంతే. నంబర్లు, బూలియన్లు వచ్చేవైతే ఇవాళే మార్చండి, పనిలో పనిగా + లాంటి ఆపరేటర్లు పక్కన ఉంటే బ్రాకెట్లు వేయండి. నంబర్ నాన్ అయ్యే వీలుంటే మాత్రం పైన చెప్పినట్టు టెర్నరీ. స్ట్రింగ్‌లు వచ్చేవి మాత్రం ఒక్కొక్కటీ చూడాలి, ఖాళీ స్ట్రింగ్‌కు అక్కడ అర్థం ఏమిటో ఆ ఫీచర్ తెలిసినవాళ్లనే అడగాలి, కోడ్ చూసి చెప్పలేం. మార్చిన ప్రతి లైన్‌కూ 0, ఖాళీ స్ట్రింగ్, ఫాల్స్, నల్, ఏమీ పంపకపోవడం, ఈ ఐదింటితో ఒక టెస్ట్ రాయండి. మీ రివ్యూయర్లిద్దరికీ ఆ టెస్ట్ ఫలితాలే చూపించండి.